అద్దం అవతలి పాము: జూలో క్లోజప్‌లు తీసిన నా అనుభవం

పాముని బాగా దగ్గరగా తీయాలంటే నాకు తెలిసిన సవ్యమైన దారి జూ ఒక్కటే. మన పాముల్ని పట్టి ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పొలం గట్టు మీద కనబడ్డ నాగుపాము ముందు జానెడు దూరంలో లెన్స్ పెట్టే ధైర్యం నాకు లేదు, ఎవరికీ ఉండకూడదు కూడా. అందుకని నేను తీసినవన్నీ అద్దం వెనకవే. ఎక్కువగా హైదరాబాద్ నెహ్రూ జూలో, కొన్ని చెన్నై గిండీ పాముల పార్కులో.

మొదటి రోజు ఫొటోల్లో పాముకన్నా నా తెల్ల చొక్కా బాగా వచ్చింది. అద్దం రెండు ముఖాలూ కలిసి మీద పడ్డ వెలుతురులో సుమారు 8 శాతాన్ని వెనక్కి కొడతాయి. పాము గదిలో వెలుతురు తక్కువ, మనం నిలబడ్డ వైపు ఎక్కువ అయితే ఆ 8 శాతమే పాముని కప్పేస్తుంది. కాబట్టి ఖర్చు పెట్టాల్సింది లెన్స్ మీద కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. ముదురు రంగు చొక్కా, మీటరు నల్ల కాటన్ గుడ్డ, లెన్స్ ముందు తొడిగే, మడత పడే రబ్బరు హుడ్ చాలు. లెన్స్ ముందు రింగు మీద తెల్లటి అక్షరాలుంటాయి, అవి కూడా అద్దంలో కనబడతాయి. నల్ల టేపు ముక్క వేస్తే పోతుంది.

రబ్బరు హుడ్‌ని మెల్లగా అద్దానికి ఆనిస్తే పక్క వెలుతురు పూర్తిగా ఆగిపోతుంది. రబ్బరు వంగుతుంది కాబట్టి లెన్స్‌ని కాస్త అటూ ఇటూ తిప్పుకోవచ్చు. ఎక్కువ తిప్పకూడదు. లెన్స్ అద్దానికి నిటారుగా లేకపోతే మందపాటి అద్దం గుండా వచ్చే బొమ్మ సాగిపోతుంది, పొలుసుల అంచులకి నీడలాంటి రెండో గీత వస్తుంది. ఫోకస్ తప్పిందనుకుని నేను చాలాసేపు ఫోకస్ రింగుతో కుస్తీ పట్టాను. తప్పు కోణంలో ఉంది.

ప్రతిబింబాల్ని తగ్గించడానికి లెన్స్ ముందు పెట్టే పోలరైజర్ ఫిల్టర్ తెచ్చుకోమని అందరూ చెబుతారు. అద్దం ప్రతిబింబాన్ని అది బాగా తీసేసేది సుమారు 56 డిగ్రీలు పక్కకి తిరిగి చూసినప్పుడు. ఆ కోణంలో పైన చెప్పిన సాగుడు తప్పదు. ఎదురుగా నిలబడితే ప్రతిబింబం మీద అది చేసేదేమీ లేదు, పైగా ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది) వెలుతురు మింగేస్తుంది. కట్లపాములాంటి నున్నటి పొలుసుల మీద దీపం మెరుపుని తగ్గించడానికి మాత్రం పనికొస్తుంది.

పాము అద్దానికి ఆనుకుని పడుకున్నప్పుడు వేరే చిక్కు. 100 మి.మీ. మాక్రో (దగ్గరి ఫొటోల) లెన్స్ ముందు అంచు నుంచి 13, 14 సెం.మీ. కన్నా దగ్గరున్నదాన్ని ఫోకస్ చేయలేదు. హుడ్ ఆనించి తీద్దామంటే కుదరదు, వెనక్కి జరగాలి. నల్ల గుడ్డ అవసరం అప్పుడే. గుడ్డ మధ్యలో లెన్స్ పట్టేంత రంధ్రం చేసి, అంచుల్ని చేత్తో అద్దానికి ఒత్తి గుడారంలా పట్టుకుంటాను. తోడు ఎవరైనా ఉంటే ఈ పని సులువు.

అద్దం బయటి వైపు వేలిముద్రల్ని మైక్రోఫైబర్ గుడ్డతో తుడుచుకోవచ్చు. లోపలి వైపు నీళ్లు చిలకరించిన ఉప్పు మరకలు మన చేతిలో లేవు. మరక తక్కువున్న చోటు వెతుక్కుని, లెన్స్ రంధ్రం వెడల్పుగా తెరుచుకునే ఎఫ్/4 దగ్గర తీస్తే అవి కరిగిపోతాయి. రంధ్రం చిన్నదయ్యే ఎఫ్/11 పెడితే మసక చుక్కలై తేలతాయి. అయితే ఎఫ్/4 దగ్గర తల మొత్తం ఫోకస్‌లోకి రాదు. పాము తల కెమెరా సెన్సర్ మీద అసలు సైజులో సగం పడేలా తీస్తుంటే ఎఫ్/8 దగ్గర కూడా పదునుగా ఉండేది సుమారు 3 మి.మీ. మందమే. పావు వంతు సైజుకి తగ్గితే 9 మి.మీ. పైచిలుకు దొరుకుతుంది. అందుకే నేను దూరంగా తీసి తర్వాత కత్తిరించుకుంటాను. ఫోకస్ ఎప్పుడూ కంటి మీదే. ఆటోఫోకస్‌ని వదిలేస్తే అద్దం మీది దుమ్ముని పట్టుకుంటుంది, ఒక్క పాయింటు మీద పెట్టాలి. ఫోన్‌తో తీసేవాళ్లు ఆటో మాక్రో ఆపేయాలి. అది అల్ట్రావైడ్ కెమెరాకి మారి అద్దాన్నే తీస్తుంది.

దీపాల సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి పాత ట్యూబ్‌లైట్లు, చౌక ఎల్ఈడీలు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. షట్టర్ వేగం 1/50, 1/100 సెకను దగ్గర తేడా తెలియదు. నాలుక బయటికి వచ్చిన క్షణం కోసం 1/500 పెట్టగానే ఫొటోలో అడ్డ చారలు వస్తాయి. ముందుగా ఖాళీ గోడని 1/500 దగ్గర అయిదారు సార్లు తీసి చూసుకుంటే తెలిసిపోతుంది. చారలుంటే కెమెరాలో యాంటీ ఫ్లికర్ (దీపం మినుకుకి తగ్గట్టు క్లిక్ చేసే సెట్టింగు) పెట్టి, మెకానికల్ షట్టర్ వాడాలి. నాలుక వద్దనుకుంటే నాకు ఎక్కువగా కుదిరింది ఎఫ్/5.6, 1/100, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 1600 నుంచి 3200. ఫ్లాష్ చాలా చోట్ల నిషేధం, ఆ నిషేధం ఉండాల్సిందే. పాముకి మూసుకోవడానికి కంటి రెప్పలు లేవు.

అద్దాన్ని తట్టొద్దు. పడగ విప్పించాలని తట్టేవాళ్లు ప్రతిసారీ కనబడతారు. నాగుపాము కాటుకి దూకితే దాని మూతి అద్దానికి కొట్టుకుని దెబ్బ తగులుతుంది. ఓపికపడితే రక్తపింజర నిలువు కనుపాప, పసిరిక పాము అడ్డ కనుపాప, కొండచిలువ పెదవుల మీద వేడిని పసిగట్టే గుంటలు తట్టకుండానే దొరుకుతాయి. కన్ను పాలు పోసినట్టు నీలంగా మసకబారి ఉంటే ఆ పాము కుబుసం విడవబోతోందని అర్థం. అప్పుడు కంటి క్లోజప్ దండగ, ఒకట్రెండు వారాల తర్వాత రావాలి.

వారం మధ్యలో, గేటు తెరిచే వేళకి వెళ్లడం మేలు, వెనకాల గుంపు లేకపోతే ప్రతిబింబాలు సగం తగ్గుతాయి. నెహ్రూ జూకి సోమవారం సెలవు. ఏసీ కారులోంచి దిగి నేరుగా ఉక్కపోత గదిలోకి వెళ్తే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది. బ్యాగు జిప్పు తెరవకుండా ఇరవై నిమిషాలు ఆగితే పోతుంది.

రంగుల కోసం రా ఫార్మాట్‌లోనే (తర్వాత రంగులు సరిచేసుకోగలిగే ముడి ఫైలు) తీస్తాను. మందపాటి అద్దం కొంచెం పచ్చదనం కలుపుతుంది. రంగులు సరిచూసుకునే బూడిద రంగు అట్టని (గ్రే కార్డు) బయట పట్టుకుంటే ఆ పచ్చదనం దానికి తెలియదు. పాము గదిలోనే ఉన్న తెల్ల నీళ్ల గిన్నె మీద వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనబడేలా చేసే సర్దుబాటు) చూసుకోవాలి. తర్వాత కంప్యూటర్లో నలుపుల్ని కాస్త కిందికి లాగితే అద్దం వేసిన పల్చటి తెర పోతుంది.

కట్లపాము తల మాత్రం ఇంకా సరిగ్గా దొరకలేదు. పగలంతా చుట్టలో తల దూర్చుకుని పడుకుంటుంది. అది కదిలే వేళకి జూ గేటు మూసేస్తారు.