బాబాయి కారులో 10డబ్ల్యూ-40

శనివారం

బాబాయి కారుకి ఈసారి 10డబ్ల్యూ-40 గ్రేడ్ ఇంజన్ ఆయిల్ పోయాలని ఇవాళ తేల్చేశాను, పోయించేశాను కూడా. కొన్నాళ్లుగా ఇదే టెన్షన్. ఆఫీసులో అన్నం తింటూ కూడా ఆయిల్ గ్రేడ్ల పట్టికలే చూశాను. 30 ఎందుకు కాదు, 50 ఎందుకు వద్దనుకున్నాను అన్నది మర్చిపోకముందే రాసి పెట్టుకోవాలి. మళ్లీ ఆయిల్ మార్చే రోజొచ్చేసరికి ఎవరో ఒకరు ఏదో ఒకటి చెబుతారు, నాకు మళ్లీ సందేహం మొదలవుతుంది.

కారు మాజ్దా ఎంఎక్స్-5. రెండే సీట్లు, మడిచేసే టాప్, 1.6 లీటర్ల ఇంజన్. 1989లో షికాగో ఆటో షోలో ఈ మోడల్‌ని మొదటిసారి చూపించారు. మాది ఆ మొదటి తరం కారే. బాబాయి ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేసి తిరిగొచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్నారు. మోకాళ్ల నొప్పులొచ్చాక అంత కిందికి వంగి కూర్చోవడం ఆయన వల్ల కాక తాళాలు నా చేతిలో పెట్టారు. "నడుపు తల్లీ. ఆయిల్ సంగతి మాత్రం నువ్వే చూసుకో, ఇంకొకళ్ల మీద వదిలెయ్యకు" అన్నారు. ఆ మాట నాకు బాగా పట్టుకుంది.

ఇబ్బందల్లా పొద్దున వచ్చే చప్పుడు. రాత్రంతా ఆగి ఉన్న కారుని స్టార్ట్ చేయగానే ఇంజన్ పైభాగంలో టిక్‌టిక్‌మంటుంది. ఈ ఇంజన్‌లో వాల్వుల మీద హైడ్రాలిక్ లిఫ్టర్లు అనే, ఆయిల్‌తో పనిచేసే చిన్న భాగాలు ఉంటాయి. లోపల ఆయిల్ నిండి ఉంటేనే అవి క్యామ్‌కీ (వాల్వుని నొక్కి తెరిచే భాగం) వాల్వుకీ మధ్య ఖాళీ లేకుండా సర్దుకుంటాయి. కారు నిలబడి ఉన్నప్పుడు ఆ ఆయిల్ కొంత కిందికి జారిపోతుంది. స్టార్ట్ చేశాక సన్నటి దారుల్లోంచి ఆయిల్ మళ్లీ వాటి దాకా చేరాలి. అది చేరేదాకా చప్పుడు వస్తూనే ఉంటుంది. పాత ఎంఎక్స్-5లు నడిపేవాళ్లందరికీ తెలిసిన గుణమే ఇది. రెండో తరం 1.8 ఇంజన్‌కి వచ్చేసరికి మాజ్దా వాళ్లు ఈ హైడ్రాలిక్ లిఫ్టర్లే తీసేశారు.

కిందటిసారి సర్వీసుకిచ్చిన చోట మమ్మల్ని అడక్కుండానే 20డబ్ల్యూ-50 పోసి పంపారు. అప్పట్నుంచి పొద్దున చప్పుడు ఆగడానికి ఇంకాస్త ఎక్కువసేపు పడుతోంది. ఇప్పుడు చూస్తున్న మెకానిక్ అన్నకి చెబితే ఆయనా అదే మాట. "అక్కా, బండి ముసలిదైంది. మళ్ల 20-50 పోద్దాం. పల్చటిది పోస్తే ఇంజన్ ఆగమైతది."

ఆయన మాటని నేను తేలిగ్గా తీసుకోలేదు. ఆ అలవాటు ఊరికే రాలేదు. అంబాసిడర్లు, పద్మినీలు తిరిగిన రోజుల్లో పని నేర్చుకున్న తరం ఆయనది. ఆ ఇంజన్లు పాతకాలపు డిజైన్లు, వాటి బేరింగుల్లో (తిరిగే షాఫ్టుని పట్టి ఉంచే భాగాల్లో) సందులు ఎక్కువ. ఆ సందుల్లో ఆయిల్ పొర నిలవాలంటే చిక్కగానే ఉండాలి, పైగా మన ఎండలు. అప్పటికి 20డబ్ల్యూ-50 సరైన సలహానే. కానీ ఈ జపాన్ ఇంజన్ వేరే తరానిది. ఇందులో బేరింగుకీ షాఫ్టుకీ మధ్య సందు మిల్లీమీటరులో కొన్ని వందో వంతులే. ఏళ్లు గడిచినంత మాత్రాన ఆ సందు పెరగదు. అరిగితేనే పెరుగుతుంది. బాబాయి ఎప్పుడూ ఆయిల్ మార్పు ఆలస్యం చేయలేదు, చల్లటి ఇంజన్‌ని ఎప్పుడూ తొందరపెట్టలేదు. అలాంటి ఇంజన్‌కి పుట్టిన సంవత్సరం చూసి చిక్కటి ఆయిల్ రాసివ్వడం నాకు న్యాయం అనిపించలేదు.

అంకెల సంగతి. 'డబ్ల్యూ' ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎలా ఉంటుందో చెబుతుంది. 10డబ్ల్యూని మైనస్ 25 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూని మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు. హైదరాబాదులో అలాంటి చలి ఎక్కడిది, కాబట్టి మొదటి అంకెని పట్టించుకోనక్కర్లేదు అంటారు చాలామంది. నేనొప్పుకోను. ఇంజన్ దృష్టిలో 25 డిగ్రీలు కూడా చలే. ఆయిల్ పనిచేసే వేడి 90, 100 డిగ్రీలు. మామూలుగా దొరికే 10డబ్ల్యూ-40 అయితే 40 డిగ్రీల దగ్గర దాదాపు 100 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే కొలమానం) ఉంటుంది, 20డబ్ల్యూ-50 అయితే 160 చుట్టుపక్కల. మార్చి నెల పొద్దుటి చల్లదనంలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. లిఫ్టర్లకి ఆయిల్ ఆలస్యంగా అందుతోందంటే ఇదీ ఒక కారణమే కదా.

రెండో అంకె 100 డిగ్రీల దగ్గర చిక్కదనానిది. 30 గ్రేడ్ అంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు, 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. ఇక్కడ చాలామంది తికమకపడతారు. చల్లగా ఉన్నప్పుడు 10లా పల్చగా ఉండి, వేడెక్కాక 40లా చిక్కబడుతుందనుకుంటారు. అలా జరగదు. బెల్లం పాకం పొయ్యి మీద జారుగా ఉండి చల్లారితే గట్టిపడినట్టు, ఏ ఆయిలైనా వేడికి పల్చబడుతుంది. మల్టీగ్రేడ్‌లో కలిపే పాలిమర్లు ఆ పల్చబడే వేగాన్ని తగ్గిస్తాయి, అంతే. 40 దగ్గర 100 ఉన్న ఆయిల్ 100 దగ్గరికొచ్చేసరికి 14కి పడిపోతుంది. ఏడో వంతు! చల్లటి ఇంజన్‌ని ఎందుకు రేజ్ చేయకూడదో బాబాయి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది, ఈ లెక్క చూశాక నాకు పూర్తిగా ఎక్కింది.

మరి మాన్యువల్‌లో ఉన్న 10డబ్ల్యూ-30నే పోయొచ్చు కదా? అదే చాలాసేపు ఆలోచించాను. అది తప్పేమీ కాదు, చల్లటి ఊళ్లో ఉంటే అదే పోసేదాన్ని. ఇక్కడ ఆపిన విషయాలు రెండు. మొదటిది, 150 డిగ్రీల వేడిలో, బేరింగు నలిపే ఒత్తిడిలో ఆయిల్ ఎంత నిలుస్తుందో చూసే పరీక్ష ఒకటి ఉంది. దాని కొలమానం వేరు. దాంట్లో 30 గ్రేడ్‌కి కనీసం 2.9 ఉంటే చాలు. 10డబ్ల్యూ-40కి 3.5 ఉండాలి. 20డబ్ల్యూ-50కి అడిగేది 3.7. అంటే 30 నుంచి 40కి వెళ్తే కనీస రక్షణ బాగా పెరుగుతోంది, 40 నుంచి 50కి వెళ్తే ఆ హామీ పెరిగేది కొంచెమే. చల్లటి స్టార్టింగ్‌లో కష్టం మాత్రం చాలా పెరుగుతుంది. మే నెల ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని పాకే కారుకి ఆ 3.5 కావాలి అనిపించింది.

రెండోది ఫాస్ఫరస్. అరుగుదలని ఆపడానికి ఆయిల్‌లో జింక్, ఫాస్ఫరస్ ఉన్న ఒక రసాయనం కలుపుతారు. ఫాస్ఫరస్ క్యాటలిటిక్ కన్వర్టర్‌ని (కారు పొగని శుభ్రం చేసే భాగాన్ని) పాడుచేస్తుందని, ఇంధనం ఆదా చేసే కొత్త 30 గ్రేడ్ ఆయిళ్లలో దాన్ని 0.08 శాతానికి మించనివ్వరు. 40 గ్రేడ్‌కి ఆ కట్టడి లేదు. ఈ ఇంజన్‌లో క్యామ్ లిఫ్టర్ మీద నేరుగా రాసుకుంటూ తిరుగుతుంది, కాబట్టి ఆ రసాయనం కాస్త ఎక్కువున్నా నాకు సంతోషమే.

పొద్దున పది దాటాక రాణిగంజ్ వెళ్లాను. కొట్లో కుర్రాడు 20డబ్ల్యూ-50 డబ్బా తీసి బల్ల మీద పెట్టేశాడు. పాత కారు అన్న మాట వింటే చాలు, చెయ్యి అటే పోతుంది. 10డబ్ల్యూ-40 కావాలని అడిగి, డబ్బా వెనక రాసింది మొత్తం చదివాను. ఏపీఐ ఎస్ఎన్, ఏసీఈఏ ఏ3/బీ4 అని ఉంది, ఇవి ఆయిల్ నాణ్యతా ప్రమాణాలు. ఈ రెండోది ముఖ్యం, ఆ 3.5కి అది కూడా హామీ ఇస్తుంది. ముందువైపు పెద్దక్షరాల్లో ఉండే పేరుకన్నా వెనక చిన్నక్షరాల్లో ఉండే ఇవి చూసే నేను కొంటాను. నకిలీ ఆయిల్ భయం ఉంది కాబట్టి మూత సీలు, బ్యాచ్ నంబరు చూసి, బిల్లు తీసుకున్నాను. ఖాళీ అయ్యాక డబ్బాకి చిల్లు పెట్టి పడేస్తాను, మళ్లీ ఎవరూ నింపి అమ్మకుండా.

షెడ్డు దగ్గర డబ్బా చూసి మెకానిక్ అన్న అన్నాడు: "30 వద్దంటివి, 50 వద్దంటివి. నడుమది పట్టుకొచ్చినవ్."

మధ్యలో ఉందని తేలేదన్నా అని మొత్తం చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. ఒక్క విషయం దగ్గర మాత్రం గట్టిగా పట్టుబట్టాడు: 50 పోసినప్పుడు ఆయిల్ ప్రెషర్ సూది పైకి ఉంటుంది, అది మంచిదే కదా అని. మంచి ప్రశ్న. మా కారులో ఉన్నది నిజమైన ప్రెషర్ గేజ్. 1995 మోడల్ నుంచి మాజ్దా వాళ్లు పేరుకి గేజ్ ఉంచి లోపల స్విచ్ పెట్టేశారు. ప్రెషర్ కొంచెం ఉన్నా, చాలా ఉన్నా దాని సూది మధ్యలోనే నిలబడుతుంది. మాది అలా కాదు, నిజమే చెబుతుంది. కానీ అది చెప్పేది ఆయిల్ ప్రవాహానికి ఎంత అడ్డు తగులుతోందో, ఎంత ఆయిల్ అందుతోందో కాదు. చిక్కటి ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ విపరీతంగా పెరుగుతుంది. అప్పుడు రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని పంపు తోడిన దాంట్లో కొంత వెనక్కే వదిలేస్తుంది. సూది పైన ఉంటుంది, లిఫ్టర్ల దాకా వెళ్లాల్సిన ఆయిల్ మాత్రం తగ్గుతుంది. చూడాల్సింది పొద్దుటి సూదిని కాదు, ఇంజన్ బాగా వేడెక్కి ఐడిల్‌లో (కారు ఆగి, ఇంజన్ ఊరికే నడుస్తూ) ఉన్నప్పటి సూదిని. అన్న కాసేపు ఆలోచించి, "గట్లయితే వేడి మీద చూసి చెప్పు" అన్నాడు. నిజాయితీ ఉన్న మాట. నాకు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది.

పని పెద్దదేం కాదు. మూడున్నర లీటర్ల పైచిలుకు పడుతుంది. ఫిల్టర్ విప్పడమే బాధ, అది ఇంటేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి తీసుకెళ్లే గొట్టాలు) కింద దాక్కుని ఉంటుంది. చేతులు గీరుకుపోయాయి అన్నకి. ఇంజన్ హెడ్ (పైభాగం) వెనకాల క్యామ్ యాంగిల్ సెన్సర్ దగ్గర తడి కనబడింది, అక్కడ ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగ్ గట్టిపడిపోయింది. ఈ కార్లలో మామూలుగా వచ్చే లీకే. ఆ లీక్ చూసి "ఆయిల్ పల్చనై కారుతోంది" అని చిక్కటిది పోసేవాళ్లుంటారు. మార్చాల్సింది రింగుని. మార్చాం.

సాయంత్రం కావాలనే రద్దీ వేళకి బయల్దేరాను. రేతిబౌలి నుంచి టోలిచౌకి దాకా పాకుతూ వెళ్లి, అలాగే తిరిగొచ్చాను. ఏసీ ఆన్‌లోనే ఉంచాను. మెహదీపట్నం దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాను. ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్లు, ఒక్క సిగ్నల్ లేదు. నాలుగో గేరులో 3000 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచాను. వెయ్యి ఆర్‌పీఎంకి పది పీఎస్ఐ (ప్రెషర్ కొలమానం) ఉంటే చాలు అని పాత లెక్క ఒకటుంది. సూది అంతకంటే బాగా పైనే నిలబడింది. దిగాక పక్కకి ఆపి ఐడిల్‌లో చూశాను. 20డబ్ల్యూ-50 ఉన్నప్పటికన్నా కొంచెం కింద ఉంది, కానీ వణకలేదు, జారలేదు. బేరింగులు బాగున్నాయి. అక్కణ్నుంచే అన్నకి ఫోన్ చేసి చెప్పాను. బాబాయికి చేస్తే, "లిఫ్టర్లు ఏమంటున్నాయి?" అన్నారు. రేపు పొద్దున చెబుతానండి అన్నాను. రాత్రంతా ఆగితే గానీ అది తెలియదు.

బాబాయి నోట్‌బుక్కులో రాసిన వివరాలు: 10డబ్ల్యూ-40, ఏ3/బీ4, కొత్త ఫిల్టర్, సెన్సర్ ఓ-రింగ్. కారు తక్కువ తిరిగినా ఏడాదికి మార్చేయాలి, చిన్న చిన్న దూరాలకి ఆయిల్‌లో పెట్రోలు కలిసి పల్చబడుతుంది. మే నెలలో మధ్యాహ్నం ట్రాఫిక్ తర్వాత ఐడిల్ సూది మళ్లీ చూడాలి. అప్పుడు ఇవాళ్టికన్నా బాగా కిందికి వస్తే 15డబ్ల్యూ-50 గురించి ఆలోచిస్తాను. రాకపోతే ఇదే ఆయిల్.