ఇన్సులిన్ సీసా చేతికి అందాక

మా అమ్మాయికి ఎనిమిదో ఏట టైప్ 1 మధుమేహం, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారు కాని జబ్బు, బయటపడింది. అంతకు మూడు వారాల ముందు నుంచే రాత్రిళ్లు పదేపదే లేచి నీళ్లు తాగడం, ఎప్పుడో మానేసిన పక్క తడిపే అలవాటు తిరిగి రావడం, బాగానే తింటున్నా చిక్కిపోవడం మేము చూస్తూనే ఉన్నాము. ఎండాకాలం కదా అని సరిపెట్టుకున్నాము. వాంతులు మొదలయ్యాక దగ్గరలోని వైద్యుడు నీరసమని చెప్పి గ్లూకోజ్ ఎక్కించారు. ఆ రాత్రి పాప ఎగశ్వాస తీస్తుంటే భయపడి పట్నానికి తీసుకువెళ్లాము. అక్కడ వేలికొన నుంచి ఒక్క రక్తపు చుక్క తీసి చూడగానే సంగతి తెలిసింది. వాంతులతో, ఆయాసంతో వచ్చిన ప్రతి బిడ్డకూ ఆ చుక్క పరీక్ష మొదటే చేయాలని అప్పటి నుంచి కనిపించిన వారందరికీ చెబుతున్నాను.

ఆ వార్డులోనే పక్క మంచం మీద ఒక వ్యవసాయ కూలీ దంపతుల కొడుకు ఉండేవాడు. ఇద్దరు పిల్లలకూ ఒకే జబ్బు, ఒకే వైద్యుడు, ఒకే రకం ఇన్సులిన్. అయినా ఏడాది తిరిగేసరికి మా అమ్మాయి మూడు నెలల సగటు చక్కెర అదుపులోకి వచ్చింది, ఆ బాబు రెండుసార్లు మళ్లీ ఆసుపత్రిలో చేరాడు. తల్లి శ్రద్ధ పెట్టడం లేదని ఓపీలో ఒకరు ఆమెను అందరి ముందూ విసుక్కున్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే చక్కెర అంకెలు రాసుకునే ఆమె పుస్తకం నేను చూశాను.

మేము రోజుకు నాలుగుసార్లు పరీక్షించి రాసుకునే చోట ఆమె పుస్తకంలో వారానికి ఒకటో రెండో అంకెలు ఉండేవి. ఇన్సులిన్ ఉచితంగానే అందుతోంది. రక్తపు చుక్క పరీక్షకు వాడే స్ట్రిప్పులు మాత్రం కొనుక్కోవాలి. ఒక్కోటి సుమారు 20 రూపాయలనుకున్నా నెలకు 120 స్ట్రిప్పులకు 2,400 రూపాయలవుతుంది. అంకె తెలియకుండా మోతాదు నిర్ణయించడమంటే చీకట్లో నడవడమే. రాత్రి నిద్రలో చక్కెర పడిపోతే బిడ్డ లేవడేమోనన్న భయంతో ఆమె సూది మందు తగ్గించి వేసేది. ఏ తల్లి అయినా అదే చేస్తుంది.

మరొక పొరపాటు సిరంజిది. మన దగ్గర ఇన్సులిన్ సీసాలు సాధారణంగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలంతో వస్తాయి, వాటికి ఎర్ర మూత సిరంజి వాడాలి. మందుల దుకాణంలో ఆమెకు మిల్లీలీటరుకు 100 యూనిట్ల బలమున్న మందు కోసం గీతలు వేసిన నారింజ మూత సిరంజి ఇచ్చారు. దానితో పది గీత వరకు లాగినా ఒంట్లోకి వెళ్లేది నాలుగు యూనిట్లే. ఎన్ని నెలలు అలా జరిగిందో ఆమెకు తెలియదు, ఎవరూ సిరంజి తీసుకురమ్మని అడిగి చూడలేదు. ఇంట్లో ఫ్రిజ్ లేక సీసాను తడి ఇసుక పోసిన కుండలో ఉంచేది; ఆ పని మాత్రం వార్డులోని నర్సు ఓపికగా నేర్పింది.

మధుమేహం, బీపీ వంటి జబ్బుల కోసం నడిచే మన జాతీయ కార్యక్రమం కింద ఊళ్లలో షుగరు, బీపీ పరీక్షలు 30 ఏళ్లు దాటినవారికి చేస్తారు. పెద్దలకు అది ఎంతో మేలు చేస్తోంది. కానీ అదే ఉపకేంద్రంలో, అదే గ్లూకోమీటరుతో పిల్లలను కూడా చూడవచ్చు. ఉచిత ఇన్సులిన్‌తో పాటు నెలకు సరిపడా స్ట్రిప్పులు, సరైన సిరంజిలు ఒకే సంచిలో ఇవ్వవచ్చు. ఇవి లేకుండా సీసా ఒక్కటే ఇచ్చి వైద్యం అందించామనడం నాకు న్యాయంగా తోచదు.

బడి సంగతి కూడా చెప్పాలి. సీబీఎస్ఈ 2017లోనే టైప్ 1 పిల్లలు ఒంట్లో చక్కెర పడిపోతే తినడానికి పరీక్ష హాలులోకి చక్కెర బిళ్లలు, పండ్లు, నీళ్లు తెచ్చుకోవడానికి అనుమతించింది. మా అమ్మాయి సంచిలో అవి ఎప్పుడూ ఉంటాయి, ఆమె టీచరుకు ఎప్పుడు ఇవ్వాలో తెలుసు. ఆ బాబు చదివే బడిలో సూది వేసే బాధ్యత తమది కాదన్నారు. అందుకని మధ్యాహ్నం భోజనం వేళకు తల్లే చేను నుంచి నడిచి వచ్చి సూది వేసి వెళుతోంది, ఆ పూట కూలీ ఆమెకు రావడం లేదు.