గుత్తి కోట నమూనా: ఐదో నెల

ఐదు నెలలుగా మా డైనింగ్ టేబుల్ మీద అనంతపురం జిల్లా గుత్తి కొండ ఉంది. మేము కింద కూర్చుని తింటున్నాం. ఇంట్లోవాళ్ళ ఓపిక అయిపోయేలోపు పని ఎక్కడిదాకా వచ్చిందో రాసిపెడుతున్నా. ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్ళకు కొంత థర్మోకోల్ అయినా మిగులుతుంది.

కొలత 1:2000. నేల మీద 20 మీటర్లు నా బల్ల మీద ఒక సెంటీమీటరు. అంగట్లో దొరికే థర్మోకోల్ షీటు మందం 10 మిల్లీమీటర్లు కాబట్టి, 20 మీటర్లకొక ఎత్తుగీత (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) తీసుకుంటే గీతకొక షీటు సరిపోతుంది. కొండ చుట్టుపక్కల నేల నుంచి దాదాపు 300 మీటర్లు లేస్తుంది, అంటే 15 పొరలు. ఉచితంగా దొరికే ఉపగ్రహ కొలతలతో క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో గీతలు గీశాను. మూడడుగుల ప్లైవుడ్ పలకకు సరిపోయేలా 20 ఏ4 కాగితాల మీద ప్రింటు తీసి, అతికించి, షీట్ల మీద పరిచి వేడితీగ కట్టర్‌తో కోశాను. కోసేటప్పుడు చెయ్యి ఆగకూడదు. ఆగినచోట గుంట పడుతుంది.

మొదటిసారి పేర్చి చూస్తే కళ్ళంలో పోసిన శెనక్కాయల కుప్పలా వచ్చింది. తప్పు కోతది కాదు. ఆ కొలతలు 30 మీటర్లకొకటి చొప్పున ఉంటాయి. గుత్తి గుండ్లేమో, అంటే బోడి రాతికొండలు, ఉన్నట్టుండి నిలువునా లేస్తాయి, ఆ నిటారుతనమంతా సగటులో కొట్టుకుపోయింది. దిగువ నుంచి నాలుగు దిక్కులా తీసిన ఫోటోలు ముందు పెట్టుకుని, పై పొరల అంచులు మళ్ళీ కోసి, మీద పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) పూశాను. ఇప్పుడు బండ బండలాగే ఉంది.

రెండో తప్పు పూర్తిగా నాదే. బూడిదరంగు స్ప్రే కొడితే ఒక చిన్న కొండ నా కళ్ళ ముందే కరిగిపోయింది. స్ప్రేలోని ద్రావకం థర్మోకోల్‌ని తినేస్తుంది. ముందు ఫెవికాల్, పీఓపీ పూత ఎక్కడా సందు లేకుండా పడాలి, తర్వాతే రంగు. అంతకంటే నీళ్ళలో కలిపే రంగు బ్రష్‌తో వేసుకోవడం మేలు.

మూడో నెలలో గోడల పని పట్టాను. కోట అంటే కొండ చుట్టూ వడ్డాణంలా గోడ ఉంటుందనుకుని మీటర్ల కొద్దీ అట్టముక్కలు కోసిపెట్టుకున్నా. సగానికి పైగా మిగిలిపోయాయి. గుత్తిలో కొండలే గోడ. వలయంగా నిలబడ్డ కొండల మధ్యలో చదును నేల, అందులో పాత ఊరు. మనుషులు కట్టింది ముఖ్యంగా కొండకూ కొండకూ మధ్యనున్న పల్లాలను. బయటి మైదానం నుంచి లోపలికి రావడానికి రెండు సందుల్లో పెద్ద వాకిళ్ళు, కొండ తగ్గినచోట కాలిబాటలకు రెండు దిడ్లు (చిన్న వాకిళ్ళు). ఇవి కాక అన్నిటికంటే ఎత్తయిన గుండు మీద పైకోట. దానికి పోయే దారి మెలికలు తిరుగుతూ వాకిలి తర్వాత వాకిలిగా ఎక్కుతుంది. ప్రతి వాకిలినీ దాని పైనున్నది కాస్తుంటుంది. కింది వాకిలి పట్టుకున్న సైనికుడు పైవాడి రాళ్ళకు తల అప్పగించినట్టే.

కొండ మీది శాసనాల్లో పాతవి పశ్చిమ చాళుక్యుల ఆరో విక్రమాదిత్యుడి కాలానివి. వాటి తర్వాతి కాలపు శాసనంలో ఒక శ్లోకం గుత్తిని దుర్గాలకు రాజుగా పొగుడుతూ, విజయనగరం బుక్కరాయల సార్వభౌమత్వమనే చక్రానికి ఇరుసుపట్టు అంటుంది. రాసిన కవి రాజును మెప్పించాలనే రాసుంటాడు. కానీ వలయాన్ని పైనుంచి చూస్తున్న నాకు చక్రం మాట ఊరికే పడిందనిపించదు.

పోయిన నెలంతా నీళ్ళ పనే. బావులు, దోనలు (బండల్లో వాననీళ్ళు నిలిచే గుంతలు) ఎక్కడున్నాయో ఫోన్‌లో గుర్తు పెట్టుకోడానికి మూడు ఆదివారాలు ఎక్కాను. తెల్లవారకముందే కొండ కింద ఉండాలి. తొమ్మిది దాటితే బండ కాలుతుంది. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు మోసుకెళ్ళాలి, పైన అంగళ్ళు లేవు. రెండోసారి ఒక మేకల పెద్దాయన ఎదురై, "ఏమప్పా, నిధి యాడుందో తెలిసిందా?" అన్నాడు. బావులు వెతుకుతున్నానంటే నవ్వి, పొదల చాటున్న ఒక దోన చూపించాడు. ఆ దోన ఏ ఉపగ్రహ చిత్రంలోనూ కనపడలేదు.

కోట కట్టినవాళ్ళు వానకు బండ మీద జారే ప్రతి చుక్కనూ పట్టాలని చూశారు. పైకొనలోనూ బావి ఉంది. అయినా గుత్తి పోయింది దాహంతోనే. 1776లో హైదర్ అలీ ముట్టడించినప్పుడు మరాఠా సర్దారు మురారి రావు ఘోర్పడే దిగువ ఊరు పోయాక కూడా పైకోటలో నిలబడ్డాడు. నీళ్ళు అడుగంటాక సంధికి దిగాడు. పూచీగా పంపిన కుర్రాడిని హైదర్ బాగా చూసుకుని మాటల్లో పెడితే, లోపల ఇంక మూడు రోజుల నీళ్ళే ఉన్నాయని చెప్పేశాడట. సంధి మాటలు అక్కడే చెడిపోయాయి. మురారి రావు కబ్బాళదుర్గం కోటలో బందీగా ఉండగానే చనిపోయాడు. 1799లో ఇంగ్లీషువాళ్ళు కోట తీసుకున్నారు. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయిన మద్రాసు గవర్నరు థామస్ మన్రోను ఈ కొండ కిందే పూడ్చి, తర్వాత మద్రాసుకు తరలించారు.

నమూనాలో నీళ్ళకు, రెండు డబ్బాల్లోవి కలిపితే గట్టిపడే ఎపాక్సీలో చుక్కంత నీలం కలిపి టూత్‌పిక్‌తో పోశాను. రంగు ఎక్కువైతే దోన ఇంకుమరకలా కనిపిస్తుంది. పీఓపీ బాగా ఆరాకే పోయాలి. తడి ఉంటే పైన తెల్లటి పొర కడుతుంది, నాకు రెండు దోనలు అలాగే పాడయ్యాయి.

మిగిలింది కొండ అంచున మురారి రావు కూర్చునే చిన్న మంటపం. చదరంగం ఆడుతూ, ఉయ్యాల ఊగుతూ కింద ఊరిని చూసేవాడని చెప్పుకుంటారు. ఈ కొలతలో అది రెండు మిల్లీమీటర్లు కూడా రాదు. అట్టతో కుదరక ఒక నూకగింజ అతికించాను. చూడటానికి అచ్చం సున్నం కొట్టిన మంటపమే. మూడో రోజు పొద్దున చూస్తే లేదు. టేబుల్ కాలి మీదుగా చీమల బారు. ఈ ఆదివారం కొండ నుంచి తెల్లరాతి పలుకొకటి ఏరుకొస్తా.