మాట అందించని మేడమ్

మెదడు ఎడమ భాగంలో స్ట్రోక్ వస్తే కుడి చెయ్యి, కాలుతో పాటు చాలామందికి మాట కూడా పడిపోతుంది. పోయేది మాటే, తెలివి కాదు. 'టాన్' అనే ఒక్క శబ్దం తప్ప మరేమీ పలకలేని రోగి గురించి ఫ్రెంచ్ డాక్టరు పాల్ బ్రోకా 1861లోనే చెప్పాడు. అయినా నా మంచం పక్కనే నిలబడి ఒక డాక్టరు మా ఆవిడతో, "మాట మీద ఆశ పెట్టుకోకండమ్మా. మనం అనేది అర్థమవుతోందో లేదో కూడా చెప్పలేం" అన్నాడు. ప్రతి ముక్కా అర్థమైంది డాక్టరుగారూ. మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ సమయానికి ఇచ్చి నన్ను బతికించింది ఆయనే. ఆ రుణం వేరు, ఈ మాట వేరు.

ఆ మాటను లెక్కచేయని మనిషి మా స్పీచ్ థెరపిస్టు. ఈమధ్యే పోయారు. నలభై దాటేవరకు ఆవిడ అకౌంటెంటు. స్ట్రోక్ వచ్చిన తండ్రి చివరిదాకా ఏం చెప్పాలనుకున్నారో ఇంట్లో ఎవరికీ తెలియలేదట. అందుకని ఉద్యోగం వదిలి, తన పిల్లల ఈడువాళ్ల పక్కన కూర్చుని ఈ చదువు చదివారు. లెక్కల బుద్ధి మాత్రం పోలేదు. మాటతో పాటు మింగడం చూసేదీ ఆవిడే. ఒక్కో పేషెంటుకి ఒక్కో నోటుబుక్కు, అందులో మింగుడు సంగతి రాసే గీతలు కొట్టిన గడులు: ఎన్ని స్పూన్లు, ఎంత చిక్కదనం, దగ్గు వచ్చిందా, మింగాక గొంతు తడిగా పలికిందా.

ఆ గడులు ఎందుకో ఒక రాత్రి తెలిసింది. దాహమని సైగ చేస్తే మా బావగారు జాలిపడి, పడుకున్నవాణ్ణి పడుకున్నట్టే ఉంచి గ్లాసుతో నీళ్లు పట్టారు. దగ్గు రాలేదు. హమ్మయ్య అనుకున్నారు అందరూ. కాసేపటికి ఊపిరి గరగరలాడింది, తెల్లారేసరికి ఒళ్లు కాలిపోయింది. న్యుమోనియా. మునిగిపోతున్నానని తెలుస్తోంది, అరిచి చెప్పడానికి మాట లేదు. అంత భయం స్ట్రోక్ వచ్చినప్పుడు కూడా పడలేదు.

గొంతులో స్పర్శ తగ్గితే ఊపిరితిత్తుల్లోకి నీళ్లు జారినా దగ్గు రాదు. దగ్గు లేకపోవడం క్షేమమనుకోవద్దు. అన్నిటికన్నా ప్రమాదం మంచినీళ్లే, పలచన కాబట్టి ఊపిరి దారి మూసుకునేలోపే దిగిపోతాయి. అందుకే పొడి కలిపి చిక్కబరిచి ఇవ్వాలి. మేడమ్ ఆ చిక్కదనాన్ని కళ్లతో చూసి ఒప్పుకునేవారు కాదు. 10 మి.లీ. సిరంజిలో పోసి, కింద వేలు తీసి, 10 సెకన్లకు ఎంత మిగిలిందో చూసేవారు. 1 మి.లీ. కన్నా తక్కువ మిగిలితే అది నీళ్ల కిందే లెక్క. 1 నుంచి 4 మిగిలితే కొద్దిగా చిక్కన, 4 నుంచి 8 అయితే ఇంకొంచెం, 8 దాటితే బాగా చిక్కన. ఏ సిరంజి పడితే అది పనికిరాదు, 10 మి.లీ. గీతల పొడవు 61.5 మిల్లీమీటర్లు ఉండాలి. పిండిపదార్థంతో చేసిన చిక్కబరిచే పొడి అయితే ఇంకో తిప్పలు: ఉంచేకొద్దీ గట్టిపడుతుంది, ఎంగిలి స్పూను ముంచితే లాలాజలానికి పలచబడుతుంది. అందుకే ఏ పూటకి ఆ పూటే కలపాలి.

నిటారుగా కూర్చోబెట్టాలి. ఒకసారికి 5 మి.లీ. స్పూనే. మింగాక "ఆ" అనిపించాలి, గొంతులో నీళ్లున్నట్టు పలికితే అక్కడితో ఆపాలి. తిన్నాక కనీసం అరగంట పడుకోనివ్వకూడదు. చచ్చుబడిన వైపు బుగ్గలో ముద్ద ఉండిపోతుంది, వేలితో చూసి తీసేయాలి. నోరు శుభ్రంగా లేకపోతే లాలాజలంతో పాటు క్రిములూ ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. గడ్డం ఛాతీకి ఆనించి మింగడం, తల పడిపోయిన వైపు తిప్పి మింగడం అందరికీ పనిచేయవు. మింగుతుండగా తీసే కదిలే ఎక్స్‌రేలో చూశాకే ఎవరికి ఏదో చెప్పాలనేవారు.

మాట సంగతికొస్తే, మేడమ్ దగ్గర గట్టి నిషేధం ఒకటుండేది: నోటికి మాట అందించకూడదు. గ్లాసు చూపిస్తారు. పది సెకన్లు నోరు మెదపరు, గడియారం వైపు చూడరు. రాకపోతే "దీంతో ఏం చేస్తాం?" అంటారు. అప్పటికీ రాకపోతే "గ్లా..." అని తొలి శబ్దం మాత్రమే. పూర్తి మాట ఆఖరిది. ఇంట్లోవాళ్లు మొదటి సెకనులోనే చెప్పేసేవారు, అదీ చెవుడు వచ్చినవాడికి చెప్పినట్టు గట్టిగా! ఈ జబ్బులో 'కాదు' అనబోయి 'అవును' అనడమూ మామూలే. అందుకే నేను 'అవును', 'కాదు' కార్డు కూడా చూపించాకే ఆవిడ జవాబు రాసుకునేవారు.

మామూలుగా పలకలేనివాళ్లు కొందరు పాడగలరు. దాన్ని పట్టుకుని 1973లో బోస్టన్ పరిశోధకులు ఒక పద్ధతి కట్టారు. మేడమ్ నా ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టించి అక్షరానికో దెబ్బ వేయించేవారు: నీ-ళ్లు-కా-వా-లి, ఐదు దెబ్బలు, రెండే స్వరాలు. మొదట ఇద్దరం కూనిరాగం. తర్వాత ఇద్దరం మాటలతో. తర్వాత ఆవిడ సగంలో ఆగిపోతారు, నేను పూర్తిచేయాలి. చివర "ఏం కావాలి?" అని మామూలుగా అడుగుతారు. రాగం మెల్లగా తగ్గించుకుంటూ పోవాలి, లేకపోతే పాట దగ్గరే ఉండిపోతాం. నాకు తిరిగొచ్చిన మొదటి వాక్యం అదే. మా ఆవిడ అది దేవుడి దయ అంటుంది. కాదనను, దేవుడు మేడమ్ నోటుబుక్కులో గీతలు కొట్టుకుంటూ వచ్చాడంటాను.

మాట నేర్పడం వారానికి రెండుసార్లు చాలన్న ఆస్పత్రితో మేడమ్‌కు పేచీ. 2003లో వచ్చిన ఒక విశ్లేషణ చూపించేవారు: వారానికి సుమారు 9 గంటల చొప్పున 11 వారాలు చేసిన అధ్యయనాల్లో మెరుగుదల కనిపించింది, 2 గంటల చొప్పున 23 వారాలు సాగదీసినవాటిలో కనిపించలేదు. ఆస్పత్రి ఒప్పుకోలేదు. మిగతా గంటలు మా ఆవిడకు నేర్పించి ఇంట్లో చేయించారు, పైసా అడగకుండా.

అలసినా, జ్వరమొచ్చినా నాకు ఇప్పటికీ మాట తడబడుతుంది. విశ్రాంతితో సర్దుకుంటుంది. కానీ ఎవరికైనా హఠాత్తుగా మూతి వంకర పోయినా, చెయ్యి జారినా, మాట ముద్దగా వచ్చినా విశ్రాంతి అంటూ కూర్చోకండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా గడువు 4.5 గంటలు. నిద్రలో వస్తే, మనిషి బాగా ఉన్నట్టు ఆఖరిసారి చూసిన సమయం నుంచే లెక్క. ఆ సమయం కాగితం మీద రాసి డాక్టరు చేతికివ్వండి, ఆస్పత్రిలో మొదట అడిగే ప్రశ్నల్లో అదొకటి. అక్కడ మింగడం పరీక్షించేవరకు నోట్లో చుక్క నీళ్లు కూడా పోయనివ్వకండి, బావగారు ఎంత జాలిపడినా సరే.