నిమ్మచెక్క

పదకొండున్నర దాటింది. రాసేస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు.

వంటగట్టు రాయి మార్చాలని ఇంట్లో ఎన్నాళ్లుగానో గొడవ పడుతున్నాను. ఎట్టకేలకు ఇవాళ మా ఆయన్ని కదిలించి హైవే పక్కనున్న గ్రానైట్ షాపుకి తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడికి పాతికేళ్లు కూడా ఉండవు. నేను ఏదడిగినా మా ఆయన వైపు తిరిగి జవాబు చెబుతాడు. "ఎంత మందం బాబూ?" అని నేనంటే, "18 ఎంఎం సార్" అని ఆయనతో అంటాడు. ఆయనేమో పుట్టినప్పటి నుంచి క్వారీలో ఉన్నట్టు తలూపడం. కందిపప్పుకీ ఎర్రపప్పుకీ తేడా తెలియని మనిషి.

బ్లాక్ గెలాక్సీ చూపించాడు. మన చీమకుర్తిదే, నల్లటి రాయిలో బంగారు చుక్కలు. నోరు ఊరుకోదు కదా, "ఇది గ్రానైట్ కాదు బాబూ, గ్యాబ్రో అనే వేరే రాయి. ఆ మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం" అన్నాను. అప్పుడు చూశాడు నా వైపు, మొదటిసారి. నవ్వి, "గ్రానైట్ అంటే గ్రానైటే మేడమ్" అన్నాడు. వెంటనే ఆయన వైపు తిరిగి, "డూప్లికేట్ కాదు సార్, గ్యారంటీ." డూప్లికేట్ అని నేనెప్పుడన్నాను? ఈయన "సరేలే" అన్నారు. ఆ సరేలే నాకో వాడికో ఇప్పటికీ తెలియదు.

తిరిగొస్తూ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగితే ఉన్నట్టుండి జోధ్‌పూర్ గుర్తొచ్చింది.

1998 డిసెంబర్, ఎమ్మెస్సీ జియాలజీ ఫీల్డ్ ట్రిప్. బ్యాచిలో ముగ్గురం ఆడపిల్లలం. రాజస్థాన్ అనగానే ఒంటెలు, ఇసుక తిన్నెలు అనుకుంటూ రైలెక్కాం. సార్ మమ్మల్ని తిన్నగా మెహ్రాన్‌గఢ్ కోట ఉన్న కొండ దగ్గరికి నడిపించి, ఒక రాయి మీద సుత్తి ఆనించి "ఇదేంటి?" అన్నారు. ఎర్రగా, కాస్త గులాబీ ఛాయలో ఉంది. ఎడారి కదా అని ముందూ వెనకా చూడకుండా "శాండ్‌స్టోన్ సార్" అనేశాను. ఒక్కరు కూడా నవ్వలేదు. అందుకే భయం వేసింది. సార్ ఏమీ అనకుండా మెళ్లోని లెన్సు తీసి ఇచ్చారు. రాయికి ముక్కు తగిలేంత దగ్గరగా పెట్టి చూశాను. ఇసుకరాయైతే గింజ పక్కన గింజ, నువ్వుల జీడిలా ఉండాలి. ఇక్కడ మెత్తటి ముద్దలో అక్కడొకటి ఇక్కడొకటి గాజు పలుకులు పొదిగినట్టున్నాయి. రయోలైట్. ఇసుకతో సంబంధమే లేదు. సుమారు 75 కోట్ల ఏళ్ల కిందట అగ్నిపర్వతాలు కక్కింది. మలానీ శిలలంటారు, 50,000 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకుని ఉన్నాయి.

అసలు తమాషా ఏంటంటే, కొండ రయోలైటే గానీ దాని మీద కోట కట్టింది శాండ్‌స్టోన్‌తోనే. అంటే నేను కాళ్ల కిందికి కాకుండా తలెత్తి చూసి చెప్పి ఉంటే నా జవాబు కరెక్టే!

రెండ్రోజుల తర్వాత సివానా కొండల్లో అదే కుటుంబానికి చెందిన గ్రానైట్ చూపించారు. కరిగిన రాయి పైకొచ్చి గబగబా చల్లారితే రయోలైట్, లోపలే ఉండిపోయి తీరిగ్గా చల్లారితే గ్రానైట్. పటికబెల్లం పలుకులు పెద్దగా రావాలంటే పాకాన్ని కదపకుండా వదిలేస్తారు చూడండి, అలాగన్నమాట. జైసల్మేర్ దగ్గర ఆకల్‌లో రాయిగా మారిపోయిన చెట్ల మానులు, 18 కోట్ల ఏళ్ల నాటివి, ఇనప జాలీల కింద పడి ఉన్నాయి. అంత ఎడారిలో ఒకప్పుడు అడవి. అందరూ నోళ్లు తెరుచుకుని చూస్తుంటే నేను మాత్రం ఇంకా శాండ్‌స్టోన్ దగ్గరే ఆగిపోయి ఉన్నాను. చదువయ్యేదాకా క్లాసులో నా పేరు ఇసుకరాయి.

లావా రాయి చూడ్డానికి రాజస్థాన్ దాకా పోనక్కర్లేదు కూడా. కొవ్వూరు ఆడపడుచు ఇంటికెళ్లే ప్రతిసారీ చెబుతాను ఈయనకి: గౌరీపట్నం, పంగిడి క్వారీల్లో తవ్వే నల్లరాయి పడమటి కనుమల వైపు నుంచి దాదాపు 1,000 కిలోమీటర్లు పారి వచ్చిన లావా అని, 6.6 కోట్ల ఏళ్ల నాటిదని. "టిఫిన్‌కి ఎక్కడ ఆపమంటావ్?" అంటారు.

ఇక్కడిదాకా రాశాక కోపం కొంచెం జారింది. వాళ్ల వ్యాపారంలో పాలిష్ పట్టే గట్టిరాయి ఏదైనా గ్రానైటే, ఆ భాషలో వాడు తప్పేం చెప్పలేదు. పైగా ఒక సంగతి దాచాను. నేను తెల్ల మార్బుల్ వైపు చూస్తుంటే వాడు బల్ల కింద నుంచి నిమ్మచెక్క తీసి దాని మీద పిండాడు. కాసేపాగి తుడిస్తే అక్కడ మెరుపు పోయి మచ్చ పడింది. గెలాక్సీ మీద పిండితే ఏమీ కాలేదు. మా ఫీల్డ్ బ్యాగుల్లో యాసిడ్ సీసా ఉండేది అచ్చం ఇందుకే. మార్బుల్‌కి మూలమైన సున్నపురాయి మీద చుక్క వేస్తే బుసబుసా పొంగేది. వాడి నిమ్మచెక్క చూసి లోపల ముచ్చటేసింది, ఒప్పుకుంటాను.

కానీ ఆ మచ్చ కూడా ఆయనకే చూపించాడు! పులిహోర కలిపేదెవరు, నిమ్మకాయలు పిండేదెవరు? జారిందన్న కోపం మళ్లీ వచ్చింది.

శాంపిల్ ముక్క ఒకటి ఇచ్చాడు. ఇందాక అల్మరా అంతా వెతికి లెన్సు తీశాను. సార్‌దే. ఆయన వెనక్కి అడగలేదు, నేనూ ఇవ్వలేదు. తాడు చీకిపోయింది. ట్యూబ్‌లైటు కింద పెట్టి చూస్తుంటే అత్తయ్య మంచినీళ్లకని లేచి వచ్చారు. "ఈ వేళప్పుడు రాయిలో ఏం చూస్తున్నావమ్మా?" అంటూ ఆవిడా లెన్సు అందుకున్నారు. చాలాసేపు చూసి, "చీమ పాకుతోంది" అన్నారు. నిజంగానే పాకుతోంది.

స్లాబు గురువారం దిగుతుందట. ఫోన్ చేసి వస్తామన్నారు. ఎవరి నంబరు రాసుకున్నాడో మీకు చెప్పక్కర్లేదుగా.