రిఫరెన్సుల్లో మన పేర్లు

విదేశీ పరిశోధన పత్రికల్లో ప్రతి వ్యాసం చివరా చిన్న అక్షరాల్లో రిఫరెన్సుల జాబితా, అంటే ఆ వ్యాసానికి ఆధారమైన రచనల పట్టిక, ఉంటుంది. అలాంటి జాబితాలు ఎన్నో చెన్నై మీదుగానే అచ్చుకి వెళ్తాయి. టైప్‌సెట్టింగ్, కాపీ ఎడిటింగ్ కంపెనీలు ఇక్కడ చాలా ఏళ్లుగా ఉన్నాయి. మాది కావలి. డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చి వాటిలో ఒకదానిలో చేరాను. రిఫరెన్సులు సరిచేయడమే నా పని. క్లయింట్లు ఇంగ్లండ్‌లో, అమెరికాలో ఉంటారు కాబట్టి మాకు మధ్యాహ్నం షిఫ్టు ఎక్కువ. రాత్రి కంపెనీ క్యాబ్ వేళచ్చేరిలో హాస్టల్ దగ్గర దింపుతుంది. తమిళం ఆ క్యాబ్‌లోనే నేర్చుకున్నాను.

ఒకే వ్యాసం వివరాలు ఒక్కో పత్రిక ఒక్కోలా రాయమంటుంది. మనస్తత్వశాస్త్రం వాళ్లు ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతి వాడతారు. 2019లో వచ్చిన దాని ఏడో ఎడిషన్ ప్రకారం 20 మంది రచయితల దాకా అందరి పేర్లూ రాయాలి. 21 మందో అంతకంటే ఎక్కువో ఉంటే మొదటి 19 పేర్లు, మూడు చుక్కలు, ఆఖరి పేరు. పుస్తకాలకు ప్రచురణ సంస్థ ఏ ఊళ్లో ఉందో ఇప్పుడు రాయక్కర్లేదు. వైద్య పత్రికలది వాంకూవర్ పద్ధతి. 1978లో కొందరు వైద్య పత్రికల సంపాదకులు కెనడాలోని ఆ ఊళ్లో కలుసుకున్నారు, ఆ పేరు అలా వచ్చింది. అందులో సర్‌నేమ్ తర్వాత కామా ఉండదు, ఇనిషియల్ తర్వాత చుక్క ఉండదు.

ఈ చుక్కలూ కామాలూ చాలావరకు సాఫ్ట్‌వేరే పెట్టేస్తుంది. వ్యాసాల వివరాలు నమోదయ్యే క్రాస్‌రెఫ్‌లో వెతికి డీఓఐ, అంటే ఆ వ్యాసానికి ఇచ్చిన శాశ్వత గుర్తింపు సంఖ్య, కూడా తెస్తుంది. అది చేయలేనిది మనిషి చూడాలి, నాకు ఇష్టమైన భాగం అదే. అందులో ముందు వచ్చేది పేర్లు.

కంప్యూటర్‌కు అర్థమయ్యేలా ట్యాగులు పెట్టే ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ప్రతి పేరునూ విడదీసి సర్‌నేమ్ అని ఒక ట్యాగ్, గివెన్ నేమ్స్ అని ఇంకో ట్యాగ్ పెట్టాలి. పేరులో చివర ఉన్నదే సర్‌నేమ్ అని యంత్రం అనుకుంటుంది. మనకేమో ఇంటిపేరు ముందు వస్తుంది. దాంతో తెలుగువాళ్లంతా రావు, రెడ్డి, కుమార్, లక్ష్మి అయిపోతారు. ఒకే జాబితాలో ముగ్గురు వేరు వేరు మనుషులు ‘రావు కె’ అని కనిపిస్తే ఎవరి పని ఎవరిదో చదివేవాళ్లకు ఎలా తెలుస్తుంది? ఒక లెక్చరర్‌కి ప్రమోషన్ ఇచ్చేటప్పుడు సైటేషన్లు, అంటే వాళ్ల వ్యాసాలను ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారో, లెక్కపెట్టే రోజులివి. అందుకే మన పేరు కనిపిస్తే అసలు వ్యాసం తెరిచి, రచయిత తన పేరు ఎలా రాసుకున్నారో చూసి గానీ వదలను.

తమిళుల పేర్ల సంగతి వేరు. చాలామందికి ఇంటిపేరే ఉండదు. ముందున్న ఇనిషియల్ తండ్రి పేరుది, ఒక్కోసారి ఊరిది. మద్రాసు విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్‌గా పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్ గారినే తీసుకోండి. ఎస్ అంటే శియ్యాళి, ఊరు. ఆర్ అంటే రామామృత, తండ్రి. ఆయన పేరు రంగనాథన్, అంతే. సర్‌నేమ్ ట్యాగ్‌లో పెట్టాల్సింది కూడా అదే. ఈ తేడా మా టీమ్‌లో సీనియర్ మేడం ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పారు. తెలుగు పేర్ల గురించి అనుమానం వస్తే ఆవిడ నన్ను పిలుస్తారు.

జీవరసాయన వ్యాసాల్లో నాకు తరచుగా ఎదురయ్యేది ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు. భీమవరంలో పుట్టి, ఇక్కడే మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, అమెరికా వెళ్లిన మనిషి. ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతి మీద ఫిస్కేతో కలిసి 1925లో ఒక వ్యాసం రాశారు. జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ 66వ సంపుటి, 375వ పేజీ. అది ఈనాటికీ రిఫరెన్సుల్లో వస్తూనే ఉంది. ‘ఫిస్కే సీహెచ్, సుబ్బారో వై’ అని ఉండాలి. ఇంటిపేరు వై అనే ఒక్క అక్షరమై చివరికి వెళ్లింది, కానీ ఆ పేరు ప్రపంచంలో అలాగే స్థిరపడింది కాబట్టి మార్చకూడదు. కొందరు రచయితలు ఆ పేరును రెండు మాటలుగా విడగొట్టి పంపుతారు. అప్పుడు సాఫ్ట్‌వేర్ ‘రో వైఎస్’ అనే లేని మనిషిని పుట్టిస్తుంది. దాన్ని తీసేసి ఆయన్ని ఆయన చోట పెట్టినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది. ఇంటికి ఫోన్ చేసి అమ్మకు కూడా చెప్పాను.

ఈమధ్య ఇంకో బెడద వచ్చింది. ఏఐతో రాయించిన రిఫరెన్సులు. రచయితలు నిజమైనవాళ్లే, పత్రికా నిజమైనదే, సంపుటి సంఖ్య కూడా కుదురుతుంది. వ్యాసం మాత్రం ఎక్కడా ఉండదు. డీఓఐ నొక్కితే సంబంధం లేని ఇంకేదో తెరుచుకుంటుంది, లేదా ఏమీ రాదు. మేము ఎవరినీ నిందించం. ‘ఈ వ్యాసం దొరకలేదు, దయచేసి నిర్ధారించండి’ అని రచయితను అడుగుతూ ఆథర్ క్వెరీ పెడతాం. చాలాసార్లు జవాబులో ఆ రిఫరెన్సు తీసేయమని వస్తుంది. అప్పుడు నాకు బాధేస్తుంది. దాని మీద ఆధారపడి రాసిన వాక్యం మాత్రం వ్యాసంలో అలాగే మిగిలిపోతుంది. అందుకని ఆ వాక్యాన్నీ చూపించి, దీనికి ఆధారం ఏమిటని ఇంకో క్వెరీ పెడుతున్నాను.

మా పిన్ని కూతురు తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తోంది, పాత తెలుగు పత్రికల మీద. 1924లో మొదలైన ‘భారతి’ ఈ మద్రాసు నుంచే వచ్చేది కదా, అందుకని ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీ చూడాలని సప్తగిరి ఎక్కి నా దగ్గరికి వచ్చింది. వాళ్ల గైడ్ గారు ఎనొటేటెడ్ బిబ్లియోగ్రఫీ తెమ్మన్నారట. అంటే ప్రతి పుస్తకం కిందా నాలుగు మాటల్లో దాని గురించి రాయాలి.

“అక్కా, ఇంత పెద్ద జాబితా పెడితే సిమిలారిటీ పెరిగిపోతుందేమో, ఒకటే టెన్షన్‌గా ఉంది” అంది.

సిమిలారిటీ అంటే థీసిస్‌లో ఇతరుల రాతతో కలిసే భాగం ఎంతో సాఫ్ట్‌వేర్ చెప్పే లెక్క. 2018 యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) నిబంధనల్లో రిఫరెన్సులు, బిబ్లియోగ్రఫీ ఆ లెక్కలోకి రావని స్పష్టంగా ఉంది. జాబితాకి భయం లేదు గానీ, కింద రాసే వ్యాఖ్య పుస్తకం అట్ట మీది మాటలు ఎత్తి రాస్తే మాత్రం చిక్కే. తను రాసినవి చూశాను. అన్నిటి కిందా ‘విలువైన గ్రంథం’ అని ఉంది. ఆ పుస్తకం ఏమంటోంది, ఏ ఆధారంతో అంటోంది, నీ థీసిస్‌లో ఎక్కడ పనికొస్తుంది, నువ్వు ఎక్కడ ఒప్పుకోవు, ఇవి రాయమన్నాను. 150 మాటలు చాలు. ఒప్పుకోని చోటు చెప్పలేకపోతే ఆ పుస్తకం ఇంకోసారి చదవాలి.

తేదీల దగ్గర ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం. ఒక పాత పుస్తకం మీద ‘రక్తాక్షి సంవత్సర మాఘమాసము’ అని మాత్రమే ఉంది. పట్టికలో రక్తాక్షికి ఎదురుగా 1924 అని చూసి అదే రాసుకుంది. మన సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది కదా, మాఘం వచ్చేసరికి ఇంగ్లిష్ క్యాలెండర్ 1925లోకి వెళ్లిపోతుంది. పైగా అరవై ఏళ్లకోసారి ఆ పేరే తిరిగొస్తుంది, కాబట్టి అది 1865 నాటిది కాదని ముద్రణాలయం పేరు చూసి తేల్చుకోవాలి. తను జాబితా మొత్తం తిరగేసి, పుష్యం, మాఘం, ఫాల్గుణం ఉన్నవన్నీ వేరే కాగితం మీద రాసుకుంది.

ఒక వ్యాసం కింద సంతకం లేదు. శైలిని బట్టి సంపాదకుడే రాశాడని తన నమ్మకం, ఆయన పేరే పెడతానంది. వద్దన్నాను. రచయిత పేరు లేకపోతే ఏపీఏలో శీర్షికే ఆ చోటికి వస్తుంది. ‘అజ్ఞాత రచయిత’ అని వ్యాసం కిందే ఉంటే తప్ప మనం అలా కూడా రాయకూడదు.

“మరి నాకు తెలిసింది ఎక్కడ చెప్పాలి?”

“కింద వ్యాఖ్యలో. ఎందుకు అనుమానమో కూడా రాయి. గైడ్ గారు ఒప్పుకుంటారో లేదో తర్వాత చూద్దాం.”

శీర్షిక ముందు పెట్టి, కింద తన కారణాలు రాసుకుంది. ఆ సంపాదకుడు సంతకం చేసిన వ్యాసాలు ఇంకో రెండు తెచ్చి పక్కపక్కన పెట్టి చదవాలని, దసరా సెలవుల్లో మళ్లీ వస్తానంది.