పీటీ ఉష, ఆ వందో వంతు సెకను
రాత్రి నిద్ర పట్టక 1984 లాస్ ఏంజెలెస్ 400 మీటర్ల హర్డిల్స్ ఫైనల్ వీడియో పెట్టుకున్నా, ఉష టైమ్ 55.42, మూడో ప్లేస్‌లో రొమేనియా అమ్మాయి 55.41, అంటే రెప్ప వేసేంత టైమ్ కూడా కాదు, మెడల్ పోయింది. లైన్ దగ్గర ఛాతీ ముందుకి తోసే ఆ క్షణం చూస్తే ఇప్పటికీ కడుపు తరుక్కుపోద్ది. 1986 సియోల్ ఏషియాడ్‌లో నాలుగు గోల్డ్‌లు కొట్టింది సరే, కానీ నాకు అసలు నచ్చేది తర్వాతి కథ. 2002లో కేరళలో సొంత అథ్లెటిక్స్ స్కూల్ పెట్టి అమ్మాయిల్ని తయారుచేయడం మొదలుపెట్టింది, అందులోంచే టింటు లూకా వచ్చి 2010లో 800 మీటర్లు 1:59.17లో పరిగెత్తి అంతకుముందు రన్నర్ షైనీ విల్సన్ పేరు మీదున్న జాతీయ రికార్డు లేపేసింది. తను పరిగెత్తడం వేరబ్బా, బయట స్టాప్‌వాచ్ పట్టుకుని ఇంకో పిల్ల కోసం ఊపిరి బిగబట్టడం వేరు, నన్నడిగితే రెండోదే కష్టం. ఇప్పుడందరూ ఒలింపిక్ సంఘం ప్రెసిడెంట్ అంటున్నారు గానీ నాకైతే ఇంకా కోచే.